గాలిలో గుర్తు చుట్టూ గుండ్రంగా తిరగడం: బ్యాంక్ ఎక్కడ పెంచాలి, ఎక్కడ తగ్గించాలి

నమస్తే. చంద్రపూర్, బల్లార్షా, రాజురా వైపు ఫ్లయింగ్ నేర్చుకుంటున్న మన తెలుగు పిల్లల కోసం ఈ వీడియో. గాలి వీస్తున్నప్పుడు నేలమీది ఒక గుర్తు చుట్టూ ఒకే దూరంలో ఎలా తిరగాలో చూద్దాం. బ్యాంక్ అంటే తిరిగేటప్పుడు రెక్కలు ఒక పక్కకి వాలే కోణం.

ముందు ఎత్తు. నేల నుంచి 600కీ 1,000కీ మధ్య, 800 అడుగులు పెట్టుకోండి. చంద్రపూర్ నేలే సముద్రమట్టానికి దాదాపు 620 అడుగుల పైన ఉంది. కాబట్టి క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టం నుంచి ఎత్తు చూపించే పీడనం సెట్టింగ్) పెట్టిన ఆల్టిమీటర్ (ఎత్తు మీటరు) 1,400 దగ్గర చూపించాలి. అందులో 800 కనిపించిందంటే మీరు నేలకి 180 అడుగుల మీదే ఉన్నారు!

గుర్తుగా పత్తి చేలో ఒంటరి చెట్టు, లేదంటే రెండు బండిబాటలు కలిసే చోటు చాలు. ఊళ్లు, థర్మల్ ప్లాంట్ చిమ్నీలు, హైటెన్షన్ తీగలు ఉన్న వైపు వెళ్లొద్దు. ఇంజిన్ ఆగితే దిగే చేను కూడా ముందే చూసుకోండి. వానాకాలంలో నల్లరేగడి చక్రాల్ని పట్టేస్తుంది, అది గుర్తుంచుకోండి. గాలి ఎటుందో చిమ్నీ పొగ చెబుతుంది. చెరువైతే గాలి వచ్చే వైపు ఒడ్డున నీళ్లు నున్నగా ఉంటాయి. వేసవిలో పొద్దున్నే ఎగరండి, ఎండెక్కితే థర్మల్స్ (వేడికి పైకి లేచే గాలులు) ఎత్తు నిలబడనివ్వవు.

ఇప్పుడు అసలు సంగతి. గాలి పడమర నుంచి 15 నాట్లు, మీ ఎయిర్‌స్పీడ్ 90 అనుకోండి. గాలివాటుగా, తూర్పుకి పోతూ, గుర్తుని ఎడమవైపు ఉంచుకుని మొదలుపెట్టండి. అక్కడ గ్రౌండ్ స్పీడ్, అంటే నేలమీద లెక్కేస్తే వచ్చే వేగం, 105. బ్యాంక్ 40 డిగ్రీలు వేస్తే వృత్తం వ్యాసార్థం దాదాపు 1,170 అడుగులు. అవతలి వైపు ఎదురుగాలిలో గ్రౌండ్ స్పీడ్ 75కి పడిపోతుంది. అదే దూరం నిలవాలంటే అక్కడ 23 డిగ్రీలే ఉండాలి. ఈ మార్పు ఒక్కసారిగా కాదు, చుట్టంతా కొద్దికొద్దిగా జరగాలి. 45 మాత్రం దాటొద్దు. ఎత్తు నిలుపుతూ 45లో తిరిగితే స్టాల్ స్పీడ్ (అంతకన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) దాదాపు 19 శాతం పెరుగుతుంది.

చాలామంది తప్పేది ఇక్కడే: రెక్క చివరని గుర్తుకే అంటిపెట్టి తిరుగుతారు. అలా వృత్తం రాదు. గుర్తుకి తూర్పున ఉన్నప్పుడు ముక్కు గాలివైపు, అంటే గుర్తువైపు, కాస్త తిరిగి ఉండాలి. అప్పుడు గుర్తు రెక్కకి ముందు కనిపిస్తుంది. పడమరన ముక్కు బయటికి ఉంటుంది, గుర్తు రెక్క వెనక్కి పోతుంది. అలా కనిపిస్తే మీరు సరిగ్గానే చేస్తున్నారు.

ఇంకొకటి, ఇది ప్రాణాల మీదికి తెచ్చేది. గాలి బయటికి నెట్టేస్తుంటే బ్యాంక్ పెంచడానికి జంకి, లోపలి వైపు రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే పెడల్) నొక్కేస్తారు. విమానం పక్కకి జారుతోందని చూపే బాల్ బయటికి జారుతుంది. అప్పుడు వేగం తగ్గి స్టాల్ అయితే లోపలి రెక్క ముందు పడిపోతుంది. 800 అడుగుల్లో స్పిన్ (గిరగిరా తిరుగుతూ పడిపోవడం) నుంచి తేరుకునేంత ఎత్తు లేదు. దిగడానికి రన్‌వేకి అడ్డంగా వచ్చే బేస్ నుంచి రన్‌వేకి నేరుగా ఉండే ఫైనల్‌కి తిరిగేటప్పుడూ ఇదే ఉచ్చు. బేస్‌లో వెనకగాలి ఉంటే తిరగడం ముందే మొదలుపెట్టండి. అయినా సెంటర్‌లైన్ దాటిపోతే రడ్డర్‌తో లాగొద్దు. రెక్కలు సమం చేసి, ఫుల్ పవర్ ఇచ్చి, గో అరౌండ్ చేయండి, అంటే దిగకుండా మళ్లీ పైకి లేవండి.