మిగిలిన గింజ ఎవరిది?

సభకు నమస్కారం.

మన మానవ జాతి పుట్టి సుమారు 3 లక్షల ఏళ్లు. వ్యవసాయం నేర్చి 12 వేల ఏళ్లకు మించలేదు. అంతకుముందంతా వేట, దుంపలు, కాయలు, మోయగలిగినంతే ఆస్తి. గింజ దాచడం మొదలయ్యాకే తిన్నాక మిగిలేది పోగుపడింది. ఆ మిగులు ఎవరి చేతికి చేరిందన్నదే సమాజాల చరిత్రకు వెన్నెముక అని నేను గట్టిగా నమ్ముతాను. రాజుల వరస దాని తర్వాతి సంగతి.

దీనికి ఈజిప్టు దాకా వెళ్లనక్కరలేదు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో ఒక బూడిద దిబ్బ ఉంది. ఇలాంటివి దక్కన్‌లో చాలా ఉన్నాయి. హంపీ దగ్గర నింబాపురంలోని దిబ్బను వాలి చితాభస్మమని అక్కడివాళ్లు చెబుతారు. 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను తవ్వించినప్పుడు పశువుల గిట్టల ముద్రలు, దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలు బయటపడ్డాయి. సుమారు 5 వేల ఏళ్ల కిందట మన పశుపాలకులు మందను కట్టేసిన చోటది. పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ తగలబెట్టగా మిగిలిందే ఆ బూడిద. ఆ కాలపు దక్షిణాది జనం ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు పండించారు. మన చరిత్ర పుస్తకాలు వీళ్లను రెండు వాక్యాల్లో దాటేయడం నాకు బాధగా ఉంటుంది.

ఇంచుమించు అదే కాలంలో, ఇంకాస్త ముందే, ఇరాక్‌లోని ఉరుక్ నగరంలో మట్టి పలకల మీద రాత పుట్టింది. అందులో ఎక్కువ భాగం పద్దులే: ఇంత బార్లీ, ఇన్ని గొర్రెలు, ఇంత కూలి. మిగులును లెక్కగట్టేవాడు పండించేవాడికి పైన కూర్చున్నాడు.

ఇక్కడ ఇనుము వచ్చాక అంతరాలు రాళ్లకెక్కాయి. ఈ హైదరాబాద్ నగరంలోని మౌలాలి, హష్మత్‌పేటల్లో ఆనాటి పెద్ద రాళ్ల సమాధులున్నాయి. అంత బరువైన బండలు అందరి శవాల మీదా పెట్టి ఉండరు కదా!

అయితే మిగులు ఎప్పుడూ దోపిడీకే పోలేదు. కాకతీయ గణపతిదేవుని కాలంలో అది పాకాల, రామప్ప చెరువులైంది. చెరువు తవ్వించినవారికి దశబంధ మాన్యం, అంటే ప్రతిఫలంగా ఇచ్చే భూమి, దక్కేది. కట్ట నిలిస్తే కింది పొలాలన్నీ పండేవి. పన్నుగా తీసుకున్నది నీరుగా తిరిగి వచ్చిన అరుదైన ఏర్పాటది. దాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ కట్టకు మట్టి మోసినవాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ కనబడవు.

వాళ్ల వారసులే తర్వాత దొరల గడీల్లో వెట్టి చేశారు, 1946 నుంచి 1951 దాకా సాయుధంగా పోరాడారు. 1951 ఏప్రిల్ 18న, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న పోచంపల్లిలో, గాంధీ అనుచరుడు వినోబా భావే ఏం కావాలని అడిగితే దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలన్నాయి. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి అక్కడికక్కడే 100 ఎకరాలు ఇస్తానన్నారు. అన్ని తరాలు దున్నినవాళ్లు, నేల కోసం అప్పటికీ చేయి చాచాల్సి వచ్చింది.