మొదటి వాన ఎప్పుడు పడుతుంది? కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో అక్టోబర్, నవంబర్

(తెర మీద: ఉపగ్రహ చిత్రం. చుట్టూ పర్వతాలు, మధ్యలో పొడవాటి పచ్చని లోయ.)

నమస్కారం. ఇది కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీ. పైన రెడ్డింగ్ నుంచి కింద బేకర్స్‌ఫీల్డ్ దాకా సుమారు 700 కిలోమీటర్లు. తూర్పున సియెరా నెవాడా, పడమట కోస్ట్ రేంజెస్, ఉత్తరాన క్లామత్, కాస్కేడ్ పర్వతాలు, దక్షిణాన తెహాచపి. సముద్రపు గాలి ఈ లోయలోకి రావడానికి నేల మట్టంలో ఉన్న పెద్ద దారి ఒక్కటే. అది శాన్‌ఫ్రాన్సిస్కో బే వైపున్న కార్కినెజ్ జలసంధి.

శాక్రమెంటో దాదాపు సముద్ర మట్టంలోనే ఉంటుంది. తూర్పున సియెరా శిఖరాల్లో ఎత్తైన విట్నీ 4,421 మీటర్లు. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఇక్కడ జరిగేదంతా ఈ ఎత్తుల తేడా వల్లే జరుగుతుంది. అయితే ఏ సంవత్సరం ఏం జరుగుతుందో తేల్చేది మాత్రం ఒక్క తేదీ. గట్టిగా నేల తడిసే మొదటి వాన పడిన రోజు. ఈ వీడియో అంతా ఆ రోజు గురించే.

(తెర మీద: ఎండిన గడ్డి కొండలు, పక్కన ద్రాక్ష తోటల వరుసలు.)

ఇక్కడ వర్షాకాలం మన దేశానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వానలన్నీ చలికాలంలోనే. మే చివరి నుంచి సెప్టెంబర్ దాకా దాదాపు చినుకు ఉండదు. లోయ అంచుల్లోని గడ్డి మే నెలకే ఎండిపోతుంది. వేసవిలో లోయ బాగా వేడెక్కినప్పుడు కార్కినెజ్ దారి గుండా సాయంత్రం చల్లటి సముద్రపు గాలి లోపలికి వస్తుంది. దాన్ని డెల్టా బ్రీజ్ అంటారు. శాక్రమెంటో వాళ్ళకు వేసవి రాత్రులు భరించగలిగేలా ఉన్నాయంటే దాని పుణ్యమే. అక్టోబర్‌కి లోయకూ సముద్రానికీ మధ్య వేడి తేడా తగ్గి ఆ గాలి బలహీనపడుతుంది.

ఇక వాన త్వరగా రావాలా, ఆలస్యంగా రావాలా? ఈ లోయలో ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. ఫ్రెస్నో చుట్టుపక్కల రైతులు ఆగస్టు చివర్లో ద్రాక్ష కోసి, తోటలోనే వరుసల మధ్య కాగితాల మీద పరిచి, ఎండకే కిస్‌మిస్ చేస్తారు. సెప్టెంబర్‌లో ఒక్క వాన పడితే చాలు, పరిచిన పంటంతా కుళ్ళిపోవచ్చు. బాదం కూడా అంతే. చెట్టును యంత్రంతో ఊపి కాయలు నేల మీదికి రాల్చి, కొన్ని రోజులు అక్కడే ఎండనిస్తారు. ప్రపంచంలో పండే బాదంలో ముప్పాతిక భాగానికి పైగా ఈ రాష్ట్రానిదే. అంటే నేల మీద ఎంత సొమ్ము ఉంటుందో ఊహించుకోండి. వాళ్ళకు అక్టోబర్ మధ్య దాకా ఆకాశం నిర్మలంగా ఉండాలి.

అదే ఆకాశాన్ని చూసి కొండ మీద ఊళ్ళవాళ్ళకు టెన్షన్, కార్చిచ్చు భయం.

(తెర మీద: నెవాడా, యూటా మీద అధిక పీడనం. బాణాలు పడమటికి దిగుతున్నాయి.)

సియెరాకు తూర్పున గ్రేట్ బేసిన్ ఉంది. నెవాడా, పశ్చిమ యూటా కలిపిన ఎత్తైన ఎడారి పీఠభూమి. రాత్రులు పెరిగేకొద్దీ అక్కడి నేల చల్లబడుతుంది, చల్లటి గాలి బరువెక్కి అక్కడ అధిక పీడనం ఏర్పడుతుంది. ఆ గాలి తక్కువ పీడనం ఉన్న తీరం వైపు బయలుదేరుతుంది. దారిలో సియెరా శిఖరాలు దాటి పడమటి వాలు మీదికి, నదులు కోసిన లోతైన కాన్యన్లలోకి దిగుతుంది.

చాలామంది తికమకపడేది ఇక్కడే. చల్లటి ఎడారి నుంచి వచ్చిన గాలి కింద వెచ్చగా ఎందుకు తగులుతుంది? గాలి కిందికి దిగేకొద్దీ దాని మీద ఒత్తిడి పెరుగుతుంది. సైకిల్ పంపు కొడుతుంటే పంపు గొట్టం వేడెక్కినట్టే, నొక్కుకుపోయిన గాలి కూడా వేడెక్కుతుంది. ప్రతి 1,000 మీటర్లకు దాదాపు 10 డిగ్రీలు. అందులో ఉన్న తేమ అంతే ఉంటుంది, వేడి మాత్రం పెరుగుతుంది. అంటే సాపేక్ష ఆర్ద్రత పడిపోతుంది. మామూలుగా రాత్రిపూట గడ్డి, ఆకులు కొంత తేమ పీల్చుకుని తేరుకుంటాయి. ఈ గాలి వీచే రాత్రి ఆ అవకాశం కూడా ఉండదు.

2018లో నవంబర్ వచ్చినా సియెరా పడమటి వాలు మీద చెప్పుకోదగ్గ వాన పడలేదు. నవంబర్ 8 తెల్లవారుజామున ఫెదర్ నది కాన్యన్ గుండా ఇలాంటి గాలే బలంగా వీస్తోంది. కరెంటు లైను దగ్గర పుట్టిన నిప్పు గంటల్లోనే పారడైజ్ పట్టణాన్ని చుట్టేసింది. 85 మంది చనిపోయారు. 18,000కు పైగా కట్టడాలు కాలిపోయాయి. క్యాంప్ ఫైర్ అంటే ఇదే. దీన్ని వేసవి కార్చిచ్చుల జాబితాలో కలిపి మాట్లాడటం నాకు సరైనది అనిపించదు. అప్పుడు మంచి ఎండాకాలం కాదు, చలికాలం ముంగిట. వేడికన్నా ఆ రోజు ఎక్కువ పని చేసింది రాని వాన, ఆగని గాలి.

గాలి ఆగాక రెండో కష్టం మొదలైంది. పొగ కిందికి దిగి లోయలో నిలిచిపోయింది. దాదాపు రెండు వారాలు శాక్రమెంటోలో పీల్చే గాలి కరువైంది. చివరికి థాంక్స్‌గివింగ్ ముందురోజు, నవంబర్ 21న వాన మొదలై పొగను కడిగింది.

(తెర మీద: లోయ అడ్డుకోత. అడుగున నీలం పొర, పైన నారింజ పొర.)

పొగ ఎందుకు నిలిచిపోయింది? మామూలుగా పైకి వెళ్ళేకొద్దీ చల్లబడాలి. కానీ మబ్బు, గాలి లేని పొడవైన రాత్రుల్లో నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలకు ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలుల వెంట జారి లోయ అడుగుకు చేరుతుంది. దాని మీద వెచ్చటి పొర. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. కింద ఉన్న బరువైన గాలి పైకి లేవలేదు, పక్కకు పోదామంటే కొండలు. జూన్‌లో అయితే ఎండ ఉదయం పదికల్లా దీన్ని చెదరగొడుతుంది. నవంబర్ చివరికి పగలు పది గంటలు కూడా ఉండదు, సూర్యుడు వాలుగా కాస్తాడు, బలం చాలదు. అందుకే సెంట్రల్ వ్యాలీ దక్షిణ భాగమైన శాన్ వాకీన్ వ్యాలీలో నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా, గాలి బాగాలేని రోజుల్లో ఇళ్ళల్లో పొయ్యిగూళ్ళలో కట్టెలు కాల్చడం మీద ఆంక్షలు పెడతారు.

ఈ విలోమం వల్ల మేలూ ఉంది, అది నాకు చాలా ఇష్టమైన విషయం. లోయ తూర్పు అంచున ఎక్సెటర్, లిండ్సే, పోర్టర్‌విల్ దగ్గర నారింజ తోటలు కొండవాలు మొదట్లోనే వరుసగా కనిపిస్తాయి. కారణం, చలి అడుగుకు జారిపోతుంది, కాస్త పైన ఉన్న వాలు వెచ్చగా మిగులుతుంది. తోటల్లో ఎత్తైన స్తంభాల మీద పెద్ద ఫ్యాన్లు కనిపిస్తాయి. గడ్డకట్టే రాత్రుల్లో అవి పైనున్న వెచ్చటి గాలిని చెట్ల మీదికి లాగుతాయి.

(తెర మీద: పసిఫిక్ మీద పొడవాటి తేమ పట్టీ.)

సరే, మొదటి వాన వచ్చింది అనుకుందాం. కొన్నిసార్లు అది చినుకులతో మొదలవదు. 2021లో శాక్రమెంటోలో వరసగా 212 రోజులు కొలవగలిగిన వాన లేదు. అక్టోబర్ 18న ఆ వరస తెగింది. వారం తిరగకముందే, 24న ఒక్క రోజులో 138 మిల్లీమీటర్లు పడి, 1880 నుంచి ఉన్న రికార్డు పోయింది. ఉష్ణమండల సముద్రాల తేమను మోసుకొచ్చే సన్నటి, పొడవాటి పట్టీని అట్మాస్ఫియరిక్ రివర్ అంటారు. అది సియెరాను ఢీకొని పైకి ఎగబాకుతుంది, చల్లబడుతుంది, మోసుకొచ్చిందంతా అక్కడే కురిపిస్తుంది. ఏడాదికి సగటున శాక్రమెంటోలో 470 మిల్లీమీటర్ల దాకా పడితే, అదే దారిలో 1,600 మీటర్ల ఎత్తున ఉన్న బ్లూ కాన్యన్‌లో 1,600 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. శిఖరం దాటి అవతలి బిషప్ పట్టణానికి మిగిలేది 130 లోపే. ఆ రోజు ఆ వేసవిలో కాలిన కొండల మీద కూడా వాన పడింది. పట్టి ఉంచే చెట్టూ వేరూ లేక రాళ్ళూ బురదా ఫెదర్ నది కాన్యన్‌లోని హైవే 70 మీదికి వచ్చేశాయి.

వానా, మంచా అన్నది మేఘం ఎక్కడినుంచి వచ్చిందన్న దాన్ని బట్టి. ఉష్ణమండలం నుంచి వస్తే చాలా ఎత్తు దాకా వానే. అలాస్కా వైపు నుంచి దిగితే తక్కువ ఎత్తులోనే మంచు. యోసెమిటీలో 3,000 మీటర్లు దాటిన టియోగా కనుమ ఎక్కువ సంవత్సరాలు నవంబర్‌లో మూతపడుతుంది. 1846లో తూర్పు నుంచి బండ్లలో వలస వస్తున్న డోనర్ బృందం అక్టోబర్ చివర్లో సియెరా కనుమ దాకా చేరింది, అప్పటికే మంచు పడింది. ఎనభై మందికి పైగా ఉన్న బృందంలో సగానికి దగ్గరగా చనిపోయారు. ఇప్పుడు ఆ దగ్గర్లోనే ఐ-80 హైవే వెళుతుంది. నవంబర్‌లో సియెరా మీదున్న టాహో సరస్సుకు బయలుదేరేవాళ్ళు టైర్లకు వేసే చెయిన్లు డిక్కీలో పెట్టుకోవాలి. కింద ఎండ కాస్తున్నా సరే.

(తెర మీద: తెల్లటి పొగమంచు. హెడ్‌లైట్లు మసకగా.)

వాన ఆగిన మర్నాటి రాత్రి నుంచి కొత్త అధ్యాయం. నేల తడిగా ఉంది, ఆకాశం తేటగా ఉంది, గాలి లేదు. పొగను పట్టి ఉంచిన విలోమమే ఇప్పుడు తేమను పట్టి ఉంచుతుంది. అలా పుట్టే పొగమంచును ట్యూలీ ఫాగ్ అంటారు. కొన్నిసార్లు రోజుల తరబడి విడవదు. లోయలో మధ్యాహ్నం కూడా వణుకుతుంటే, కొన్ని వందల మీటర్లు ఎక్కి కొండవాలు మీదున్న ఆబర్న్ పట్టణం చేరగానే ఎండ, స్వెటర్ తీసేసే వెచ్చదనం. పండ్ల చెట్లకు మాత్రం ఈ చలి కావాలి. చెర్రీ, పిస్తా, బాదం చెట్లు శీతాకాలంలో తగినన్ని చల్లటి గంటలు నిద్రపోతేనే వసంతంలో సరిగ్గా పూస్తాయి. పొగమంచు ఎండను ఆపి ఆ నిద్రను కాపాడుతుంది. 32 శీతాకాలాల్లో పొగమంచు రోజులు 46 శాతం తగ్గాయని బర్క్‌లీ శాస్త్రవేత్తలు 2014లో తేల్చారు.

రోడ్డు మీద మాత్రం దీనితో ఆటలొద్దు. 2007 నవంబర్ 3న ఫ్రెస్నోకు దక్షిణంగా హైవే 99 మీద నూటికి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ఇద్దరు చనిపోయారు. హై బీమ్ వేస్తే ఆ వెలుతురు పొగమంచు మీద పడి మీ కళ్ళల్లోకే తిరిగొస్తుంది, లో బీమ్‌లోనే ఉంచండి. వేగం బాగా తగ్గించండి. ముందేమీ కనిపించకపోతే లేన్‌లో ఆగవద్దు, ఎగ్జిట్ తీసుకుని రోడ్డు నుంచి పూర్తిగా బయటికి వచ్చి ఆపండి. వీలైతే ప్రయాణం మధ్యాహ్నానికి మార్చుకోండి, అప్పటికి పొగమంచు చాలా రోజుల్లో కొంత పైకి లేచి రోడ్డు కనిపిస్తుంది. లోయను పూర్తిగా ఖాళీ చేసేది మాత్రం తర్వాతి తుఫాను ముందు వీచే గాలే.