బొమ్మల పుస్తకం ముందు పరీక్షలు వద్దు

[తెర మీద: సోఫాలో అమ్మ, ఒడిలో రెండున్నరేళ్ళ పాప. తెరిచిన పుస్తకంలో సంత బొమ్మ.]

వ్యాఖ్యానం: ముందు ఈ ఇద్దరి మాటలు వినండి.

అమ్మ: ఇదేమిటి?

పాప: గేదె.

అమ్మ: శభాష్. ఏ రంగు?

పాప: నలుపు.

అమ్మ: కాళ్ళు ఎన్ని? లెక్కపెట్టు.

[పాప ఒడిలోంచి జారి వెళ్ళిపోతుంది.]

వ్యాఖ్యానం: ఇందులో అమ్మను తప్పు పట్టడానికి ఏమీ లేదు. బొమ్మ కనబడగానే ప్రశ్న వేయడం మన ఇళ్ళలో పాత అలవాటు. గోడకు పండ్ల చార్టు వేలాడుతుంది, చుట్టాలు వస్తారు, ‘మామయ్యకు చెప్పు నాన్నా, ఇదేమిటి?’ అని పిల్లవాణ్ణి ముందుకు తోస్తాం. చార్టుతో అలా సరిపెట్టుకోవచ్చేమో. కథ ఉన్న పుస్తకాన్ని కూడా అలాగే వాడితే పిల్లలు లేచి పోతారు. ఇప్పుడు అదే పేజీ, మరోలా.

పాప: (వేలు పెట్టి) కుక్క.

అమ్మ: అవును, కుక్క. చెప్పు నోట కరుచుకుని పారిపోతోంది!

[అమ్మ ఆగుతుంది. తెర మూలన అంకెలు మెల్లగా: 1, 2, 3, 4, 5.]

పాప: తాత చెప్పు.

అమ్మ: తాత చెప్పా? ఏ తాత?

[పాప వేలు పేజీ రెండో చివరకు వెళుతుంది. గాజుల మలారం పక్కన ఒంటి చెప్పుతో నిలబడ్డ తాత.]

వ్యాఖ్యానం: పేజీ అడుగున రెండు వాక్యాలున్నాయి. వాటిలో కుక్క ఊసే లేదు. అక్షరాల వెంట పోయిన అమ్మకు తాత కనబడలేదు, పాపకు కనబడ్డాడు. ఇందులో వింత లేదు. 2005లో కెనడా పరిశోధకులు, పెద్దలు కథ చదివి వినిపిస్తుండగా నాలుగైదేళ్ళ పిల్లల చూపు ఎటు పోతోందో యంత్రంతో గమనించారు. చూపంతా బొమ్మల మీదే ఉంది, అక్షరాల వైపు పోయింది బహు తక్కువ. అంటే మనం ఒక పుస్తకం చదువుతుంటే, పిల్లలు మరో పుస్తకం చూస్తుంటారు. మాట కలపాల్సింది వాళ్ళ పుస్తకంతో.

[తెర మీద: రెండో సంభాషణ మళ్ళీ, నెమ్మదిగా.]

అమ్మ చేసిన పనులు గమనించండి. ‘కుక్క’ అన్న ఒక్క మాటను అందుకుని పూర్తి వాక్యం చేసింది. తర్వాత నోరు మూసుకుంది. ఈ రెండోదే మహా కష్టం. రెండేళ్ళ బిడ్డకు మాట వెతుక్కుని బయటికి తీయడానికి కాస్త సమయం కావాలి, మనకేమో ఆ నిశ్శబ్దం భరించరానిదిగా ఉంటుంది. ఇక ‘ఏ తాత?’ అని అమ్మ అడిగింది తనకు జవాబు తెలియకే. తెలిసిన జవాబు కోసం అడిగే ప్రశ్నకూ, నిజంగా తెలుసుకోవాలని అడిగే ప్రశ్నకూ తేడా పిల్లలు ఇట్టే పసిగడతారు.

ఈ పద్ధతిని 1988లో అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు పరీక్షించారు. పిల్లల వయసు 21 నుంచి 35 నెలలు. రెండు జట్ల తల్లిదండ్రులూ ఇంట్లో పుస్తకాలు చదివారు. ఒక జట్టుకు మాత్రం పిల్లల చేత మాట్లాడించడం, వాళ్ళ మాటను పెంచి చెప్పడం నేర్పారు. నెల గడిచాక ఆ జట్టు పిల్లలు మాట్లాడే భాషలో ఒక కొలమానం ప్రకారం 6 నెలలు, మరో దాని ప్రకారం ఎనిమిదిన్నర నెలలు ముందున్నారు. ఇది చిన్న అధ్యయనం, అందరూ మధ్యతరగతి కుటుంబాల వాళ్ళు. కాబట్టి మీ ఇంట్లోనూ సరిగ్గా అంతే జరుగుతుందని అంకెలు పట్టుకుని కూర్చోకండి. చదివే తీరులో తేడా ఉందన్నది మాత్రం గట్టి మాటే.

[తెర మీద: ఆరునెలల బాబు పుస్తకం మూల నములుతున్నాడు.]

మరీ చిన్నపిల్లల సంగతి? వీళ్ళు నములుతారు, విసురుతారు. దళసరి అట్ట పుస్తకాలు ఇచ్చి వదిలేయండి. ఏడాది దాటుతుంటే వేలు పెట్టి చూపించడం మొదలవుతుంది, అక్కడి నుంచి మీకూ పని. మూడు పేజీలు ఒకేసారి తిప్పేస్తే తిప్పనివ్వండి. ఒకే పుస్తకం పదిసార్లు తెమ్మన్నా విసుక్కోకండి. తర్వాత ఏం వస్తుందో ముందే తెలిసినప్పుడే పిల్లలు ధైర్యంగా నోరు తెరుస్తారు.

భాష దగ్గర చాలామంది తడబడతారు. పుస్తకంలో ‘వెళ్ళుచున్నది’ అని ఉంటే అలాగే చదవాలా? అక్కర్లేదు. శ్రీకాకుళంలో ఉన్నా సిద్దిపేటలో ఉన్నా మీ ఇంటి తెలుగులో చెప్పండి, పుస్తకం ఏమీ అనుకోదు. విదేశాల్లో పెరిగే బిడ్డ ‘డాగ్ రన్నింగ్’ అంటుంది. ‘తెలుగులో చెప్పు’ అని గద్దించారా, మాట అక్కడే ఆగిపోతుంది. ‘అవును, కుక్క పరుగెడుతోంది, ఎక్కడికో!’ అనండి చాలు. చదువు రాని అమ్మమ్మ అయితే మరీ మంచిది. అక్షరాల జోలికి పోదు కనుక ఆమె నేరుగా బొమ్మల్లోకే దిగుతుంది. ‘ఈ తాత మన ఊరి సంతకు వచ్చాడే’ అని తన కథ అల్లేస్తుంది.

ఫోనులో కథ వినిపించే వీడియోలు పెడితే సరిపోదా అంటారు. వీడియో చేస్తూ నేనే ఈ మాట చెప్పడం బాగోదు గానీ, అది పాప కోసం ఆగదు. తాత చెప్పు గురించి పాప అనే లోపే పేజీ మారిపోతుంది.

[తెర మీద: పుస్తకాల అరలు.]

పుస్తకాల విషయానికి వస్తే, సికింద్రాబాదులోని ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి, నేషనల్ బుక్ ట్రస్టు ప్రచురించే నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు ఖరీదు తక్కువ. చెన్నై తూలిక వాళ్ళ దగ్గర తెలుగు, ఇంగ్లీషు ఒకే పేజీలో ఉన్నవి దొరుకుతాయి, ప్రవాసులకు పనికొస్తాయి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితం. దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. రంగుల్లో ఖర్చనుకుంటే నలుపు తెలుపులో తీసి దారంతో కుట్టండి, రంగుల సంగతి పిల్లలే చూసుకుంటారు.