మడమ నొప్పికి మణికట్టు మీద సూది

నమస్కారం. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు కలుక్కుమంటుంది. నాలుగడుగులు నడిస్తే సర్దుకుంటుంది, కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. అది దెబ్బతినడమే చాలామందిలో దీనికి కారణం.

ఈ నొప్పితో చైనా సంప్రదాయ వైద్యుడి దగ్గరికి వెళితే నాలుక చూస్తారు, రెండు చేతుల నాడీ పట్టుకుంటారు. నొప్పి పాతదై, నడుమూ మోకాళ్లూ కూడా నీరసించి ఉంటే 'మూత్రపిండం బలహీనపడింది' అంటారు. ఆ మాటకు దయచేసి భయపడకండి. మూత్రపిండాన్ని వాళ్లు 'షెన్' అంటారు. అది రక్తాన్ని వడగట్టే అవయవం ఒక్కటే కాదు. ఎముకల బలం, ఎదుగుదల, ముసలితనం అన్నీ షెన్ కిందికే వస్తాయి. సుమారు రెండు వేల ఏళ్ల నాటి 'హువాంగ్‌ది నైజింగ్' గ్రంథం ఒంట్లో షెన్ శక్తి ప్రవహిస్తుందనే మార్గాన్ని వర్ణించింది. కాలి చిటికెన వేలి కింద మొదలై, అరికాలి మధ్యకు వచ్చి, లోపలి చీలమండ వెనకగా తిరుగుతుందట. అక్కడ ఒక పాయ మడమలోకి దిగుతుందట. మడమ నొప్పి అనగానే వాళ్లకు షెన్ గుర్తుకు రావడం అందుకే. ఆ దారిలో సూది గుచ్చే చోట్ల, అంటే బిందువుల పేర్లు నాకెంతో ఇష్టం. అరికాలిలో ఉన్నది యోంగ్‌చువాన్, అంటే ఉబికే ఊట. చీలమండ దగ్గరికి వచ్చేసరికి అది తైషీ, పెద్ద వాగు.

ఇప్పుడు మీ కాలు ఇటు తిప్పండి. లోపలి చీలమండ గుబ్బకూ, మడమ పైన వెనక తగిలే గట్టి నరానికీ మధ్య చిన్న గుంట ఉంటుంది. అక్కడ వేలు మెల్లగా ఆనించి ఆగండి. నాడి కొట్టుకుంటోందా? అదే తైషీ. షుగర్ ఉన్నవాళ్ల పాదాలకు రక్తం సరిగా అందుతోందా అని మన డాక్టర్లు చూసే చోట్లలో ఇదీ ఒకటి.

నన్ను బాగా ఆకట్టుకున్న బిందువు మాత్రం దాలింగ్. అరచేతి వైపు, మణికట్టు ముడత సరిగ్గా మధ్యలో ఉంటుంది. మడమ నొప్పికి అక్కడ సూది గుచ్చుతారు! హాంకాంగ్‌లో 53 మంది మీద చేసిన పరీక్ష ఒకటి 2011లో వెలువడింది. కొందరికి దాలింగ్‌లో, మిగిలినవారికి చేతి మీదే మరో బిందువులో సూదులు వేశారు. నెల తిరిగేసరికి దాలింగ్ వాళ్లకు పొద్దుటి నొప్పి ఎక్కువగా తగ్గింది. చిన్న పరీక్షే, దీనితోనే అంతా తేలిపోదు. అయినా తీసిపారేయలేం. సూది మాత్రం శిక్షణ ఉన్నవారి చేతే వేయించుకోండి, అదీ ప్రతిసారీ కొత్త సూదితో.

ఎండిన ఆకును నూరి, చుట్టలా చేసి, వెలిగించి మడమకు దగ్గరగా పట్టి కాపడం పెట్టడం మరో పద్ధతి. ఆ ఆకు వినాయక చవితి పూజలో మనం మొదట సమర్పించే మాచీపత్రం జాతిదే. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు ఈ కాపడం జోలికీ, పాదాలు ముంచే వేడి మూలికల నీళ్ల జోలికీ వెళ్లకండి. కాలినా తెలియదు.

కడుపులోకి తీసుకునే మూలికల దగ్గర ఇంకా జాగ్రత్త. 1990లలో బెల్జియంలో బరువు తగ్గే మాత్రల్లో ఒక చైనా మూలికకు బదులు మరొకటి కలిసి ఎందరో స్త్రీల మూత్రపిండాలు నిజంగానే పాడయ్యాయి. సీసా మీద ఏ వేరో, ఏ ఆకో రాసి లేకపోతే అది కొనకండి. పడుకున్నా నొప్పి వదలకపోయినా, మడమ వాచి జ్వరం వచ్చినా ముందు ఎముకల డాక్టరును కలవండి.