తలుపు వెనకాల ఎర్ర సాస్

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, పొద్దున్నుంచి కుర్చీలు వేస్తూ తిరిగిన పిల్లలకు, సెలవు రోజు ఇల్లు వదిలి న్యూజెర్సీలోని ఈ ఎడిసన్ దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే ఎవరినో ఒకరిని మరిచిపోతాను, ఆ మాట పదేళ్ళు మిగిలిపోతుంది. అందుకని చెప్పను.

నాకిచ్చిన విషయం "ఒక్క హోటల్ నుంచి పది బ్రాంచీల దాకా". లీజు, అప్పు, లైసెన్సుల గురించి చెప్పమన్నారు. కాగితం మీద రాసుకునే వచ్చాను. దానికన్నా ముందు ఒక హోటల్ సంగతి చెప్పాలి.

మాన్‌హాటన్‌లో గ్రీనిచ్ విలేజ్, థాంప్సన్ స్ట్రీట్. అక్కడ 1922 నుంచి రొక్కో అని ఒక ఇటాలియన్ రెస్టారెంట్ ఉండేది. 2013లో అదే చోట కార్బోన్ వచ్చింది. పెట్టినవాళ్ళు ముగ్గురు: మారియో కార్బోన్, రిచ్ టొరిసి, జెఫ్ జలాజ్నిక్. మొదటి ఇద్దరూ వంటవాళ్ళు. పెద్ద వంట కాలేజీలో చదివి, కెఫే బులూ లాంటి పేరున్న రెస్టారెంట్‌లో ఫ్రెంచి పద్ధతిలో చెయ్యి తిరిగినవాళ్ళు. అంత విద్య చేతిలో పెట్టుకుని వాళ్ళు వండింది ఏమిటంటే, న్యూయార్క్‌లోని క్వీన్స్, బ్రూక్లిన్ పేటల్లో ఇటాలియన్ నాయనమ్మలు ఆదివారం పూట వండిన ఎర్ర సాస్ వంట, అంటే టమాటా సాస్ వంట.

ఆ వంట ఎక్కడిదో తెలిస్తే తప్ప ఇందులో విశేషం తెలియదు. 1880 నుంచి 1924లో వలసల చట్టం బిగిసేదాకా సుమారు 40 లక్షల మంది ఇటాలియన్లు అమెరికాకు వచ్చారు. ఎక్కువమంది దక్షిణాది పేదలు. నేపుల్స్, సిసిలీ, కలాబ్రియా. సొంతూళ్ళో మాంసం పండగ నాడే. ఇక్కడ చూస్తే మాంసం చవక. అందుకే మాంసం ఉండలు పెద్దవయ్యాయి, స్పగెట్టీ మీదికెక్కి కూర్చున్నాయి. పార్మిజానా అనే వంటకం ఉంది చూశారూ, అది వాళ్ళ ఊళ్ళో వంకాయతో చేసేది! చక్రాలుగా కోసి, వేయించి, టమాటా, చీజ్ పొరలు పేర్చి. ఇక్కడ వంకాయ స్థానంలో దూడమాంసం, కోడిమాంసం వచ్చాయి. వంకాయ తిని పెరిగిన మనకు ఆ మార్పు వెనక ఉన్న ఆకలి ఇట్టే అర్థమవుతుంది. అప్పట్లో వాళ్ళ దగ్గర వెల్లుల్లి వాసన వస్తుందని ఈ దేశం ముక్కు మూసుకుంది. మన అపార్ట్‌మెంట్లలో పోపు వాసనకు కిటికీలు తెరిచినవాళ్ళం, మనకు కొత్త సంగతి కాదు.

ఆ తరవాతి తరానికి సిగ్గేసింది. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 1990ల మొదట్లో మా అక్క వాళ్ళ ద్వారా ఈ దేశానికి వచ్చి, న్యూయార్క్‌లో ఒక ఇటాలియన్ రెస్టారెంట్‌లో మూడేళ్ళు బల్లలు తుడిచాను. పేరు చెప్పను. తెల్లటి బల్లగుడ్డలు, వెన్న సాసులు, వైన్ సాసులు. "మాది ఉత్తర ఇటలీ వంట" అని మెనూ మీద పెద్దగా ఉండేది. ఆ రోజుల్లో ఖరీదైన చోట్ల అదే గొప్ప. ఎర్ర సాస్ అంటే పేటలో గళ్ళ బల్లగుడ్డల హోటల్, చవక సరుకు.

వంటగదిలో కలాబ్రియా నుంచి వచ్చిన ఒక ముసలాయన ఉండేవాడు. మేమంతా నోన్నో అనేవాళ్ళం, అంటే తాతయ్య. నాలుగింటికి, గెస్టులు రాకముందు, పనివాళ్ళ భోజనం ఆయనే వండేవాడు. ప్వెబ్లా నుంచి వచ్చిన మెక్సికన్ కుర్రాళ్ళు, ఇద్దరు బంగ్లాదేశీలు, నేను. పెద్ద గిన్నెలో ఉల్లిపాయ, సన్నటి సెగ మీద, రంగు మారకుండా, గంటసేపు మగ్గేది. తరవాత టమాటా. తరవాత వాళ్ళ ఊరి ఎండుమిరపకాయ. మాది గుంటూరు జిల్లా. ఆ మిరప నాలిక్కి తగిలిన మొదటి రోజు నేను ఆయన ముఖంలోకి చూశాను, ఆయన నా ముఖంలోకి చూశాడు. ఒకరి భాష ఒకరికి రాదు. ఆ హోటల్లో అన్నిటికన్నా మంచి తిండి ఆ నాలుగింటి తిండి. డబ్బిచ్చి తినేవాళ్ళకు అది దొరికేది కాదు.

ఒక సాయంత్రం ఒక పెద్దావిడ తొందరగా వచ్చింది. ఇటాలియన్ ఇంటి మనిషే. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆ వాసన బయటికి వస్తోంది. "ఆ ఉడికేదేమిటి? అదే తెచ్చిపెట్టండి" అంది. యజమాని స్వయంగా వచ్చి, చాలా మర్యాదగా, "అది పనివాళ్ళ తిండి మేడమ్, మీకు కాదు" అన్నాడు. ఆ యజమాని తండ్రిదీ కలాబ్రియాయే. తలుపు అవతల నోన్నో చేతిలో గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. విన్నాడు. ఏమీ అనలేదు. గిన్నెలో మిగిలిందంతా మా డబ్బాల్లో సర్ది ఇంటికి పంపాడు. ఆ వారమంతా మాకు ఉడకబెట్టిన పాస్తా, వెన్న. సాస్ చెయ్యలేదు.

క్షమించాలి, లీజుల దగ్గరికి వస్తాను. ఈ ఒక్కటీ చెప్పనివ్వండి.

అందుకే 2013లో కార్బోన్ గురించి పేపర్లో చదివినప్పుడు నాకు నోన్నో గుర్తొచ్చాడు. ఆ ఎర్ర సాస్‌నే, దాచకుండా, ముదురు ఎరుపు టక్సీడో సూటు వేసుకున్న కెప్టెన్, అంటే వడ్డించేవాళ్ళ పెద్ద, చేతికిచ్చి బల్ల దగ్గరికి పంపారు. ఆ టక్సీడోలు కుట్టించింది జాక్ పోసెన్ అనే పేరున్న డిజైనర్. సీజర్ సలాడ్ మీ కళ్ళ ముందే కలుపుతారు. ఇక వాళ్ళ రిగటోనీ వోడ్కా, గొట్టాల్లాంటి పాస్తా: మగ్గిన ఉల్లిపాయ, టమాటా, మీగడ, కలాబ్రియా మిరప. ఒక్క ప్లేటు 30 డాలర్లకు పైనే. ఆ ఏడాదే న్యూయార్క్ టైమ్స్‌లో పీట్ వెల్స్ మూడు నక్షత్రాలిచ్చాడు. హోటళ్ళకు గొప్ప గుర్తింపుగా చెప్పుకునే మిషెలిన్ గైడ్ నక్షత్రమూ వచ్చింది. అది 2022లో పోయింది. పోయినా బల్ల దొరకడం మాత్రం తేలిక కాలేదు.

తరవాత ఊళ్ళు దాటారు. 2014లో హాంకాంగ్, 2015లో లాస్ వేగాస్, 2021లో మయామీ, ఆ మరుసటేడు డల్లాస్. దోహా, రియాద్, 2025లో లండన్. సాస్ సీసాల్లోనూ వచ్చింది. ప్రతి చోటా అదే రిగటోనీ, అదే టక్సీడో. అన్ని చోట్లా మొదటి ఇంటి రుచి నిలబడిందని నేను ప్రమాణం చెయ్యను. నా మాట వేరు. వాళ్ళు దేన్ని మోసుకెళ్ళారో చూడండి. లండన్ వెళ్ళినా లండన్ వాళ్ళకు నచ్చుతుందని పేరు మార్చలేదు. తాత తిన్నదాన్నే తీసుకెళ్ళారు.

ఇంకో దారి కూడా ఉంది. ఈస్ట్ హార్లెమ్‌లో 114వ వీధిలో రేయోస్ అని ఉంది. 1896 నాటిది, పదే బల్లలు. ఆ బల్లలు పాత వాడుకదారులవి, కొత్తవాడికి దొరకవు. వాళ్ళు 1992లో సాస్‌ను సీసాలో పోశారు. ఆ తరవాత లాస్ వేగాస్‌లో, లాస్ ఏంజెలెస్‌లో బ్రాంచీలు తెరిచినా, పేరు ఇంటింటికీ వెళ్ళింది సీసాతోనే. చివరికి ఆ సీసాల కంపెనీని 2024లో సూప్ డబ్బాల కంపెనీ కాంప్‌బెల్ వాళ్ళు 270 కోట్ల డాలర్లకు కొన్నారు. హార్లెమ్‌లో మాత్రం ఆ పది బల్లలే. ఆ సీసా మీద పేరు ఇంగ్లిషులో మన "రావు" రాసినట్టే ఉంటుంది. మా అమ్మ మొదటిసారి చూసి, అక్షరాలు కూడబలుక్కుని, "ఏ రావుగారిదిరా?" అని అడిగింది. రుచి చూసి, "ఎవరిదైనా ఉల్లిపాయ బాగా మగ్గబెట్టారు" అంది. నోన్నో ఉంటే ఆ మాటకు సంతోషించేవాడు.

ఇప్పుడు మిమ్మల్ని అడుగుతాను. ఈ హాల్లో హోటళ్ళు నడిపేవాళ్ళు చేతులెత్తండి. దించకండి. నిన్న మధ్యాహ్నం మీ వంటవాళ్ళు ఏం తిన్నారో చెప్పగలిగినవాళ్ళు మాత్రం ఎత్తి ఉంచండి.

చూశారా.

నేను చెప్తాను. నేను తిరిగిన వంటగదుల్లో చూసింది చెప్తాను. బయట బఫేలో బటర్ చికెన్, పనీర్, నాన్. వెనక, మూడు గంటలకు, బియ్యం బస్తా మీద కూర్చుని పప్పుచారు, వేయించిన మిరపకాయ, ఎవరో ఊరి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి, నంజుకోవడానికి ఉల్లిపాయ. భీమవరం కుర్రాడు వండాడు, నల్గొండ కుర్రాడు తింటున్నాడు. నాకూ ఒక ప్లేటు పెట్టారు. ఆ పప్పుచారు మెనూలో ఉందా? లేదు. ఎక్కడైనా ఉంటే "లెంటిల్ సూప్" అని ఉంది. పప్పుచారును పప్పుచారు అనడానికి మనకేమైంది? రిగటోనీ పలకడం నేర్చుకున్న ఈ దేశం గోంగూర పలకలేదా? మన పిల్లలకు కూడా ఆ పేరు మెనూలో కనబడకపోతే, అది వెనక తినే తిండి అనే కదా వాళ్ళు అనుకునేది?

బిర్యానీ బ్రాంచీలు పెడుతున్నారు, సంతోషం. పదకొండోది పెట్టేముందు, మొదటి దాంట్లో వెనక మూడు గంటలకు తినే ఆ వంటల్లో ఒక్కటి ముందు గదిలోకి తెండి. ఒక్కటి చాలు. తెలుగు పేరుతో తెండి. అది ఎవరు వండారో తెచ్చి పెట్టే మనిషికి తెలియాలి, అడిగితే చెప్పగలగాలి.

చీటీ వచ్చింది, టైమ్ అయిపోయిందట. లీజుల కాగితం బల్ల మీద పెట్టి వెళ్తాను, కావలసినవాళ్ళు ఫోటో తీసుకోండి.

ఒక్క కోరిక. ఇవాళ మన 300 మందికి భోజనం వండినవాళ్ళు ఆ తలుపు వెనక ఉన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి వచ్చారు, నేను ఇందాక చూసి వచ్చాను. దయచేసి ఎవరైనా లేచి వెళ్ళి వాళ్ళను పిలవండి. ఏప్రాన్ తియ్యక్కర్లేదని చెప్పండి. వాళ్ళు వచ్చేదాకా నేను ఈ మైకు దగ్గరే నిలబడతాను.