బోరు వేయించే ముందు ఒక సీసా నీళ్లు

(చేతిపంపు దగ్గర నిలబడి, పక్కనున్న పాలరాయి చూపిస్తూ)

అస్సలాము అలైకుమ్, అందరికీ నమస్తే. మర్రిగూడ వైపు ఒక ఊళ్లో ఉన్నాను. ఈ రాయి చూడండి, ఎవరో కొడుకు వాళ్ల అమ్మ పేరు మీద సదఖా జారియాగా, అంటే మనిషి పోయాక కూడా పుణ్యం వస్తూనే ఉండే దానంగా, వేయించిన బోరు. రాయి ఇంకా మెరుస్తోంది గానీ పంపు దగ్గర ఒక్క బిందె కూడా లేదు, బర్రెలు కడగడానికి తప్ప ఈ నీళ్లు ఎవరూ ముట్టరు. ఫ్లోరైడ్ మరి.

రంజాన్ రాగానే అందరూ అడిగేది ఒకటే, జకాత్ (ఏటా తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం) డబ్బుతో బోరు వేయించొచ్చా అని. మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతి ఉలమా (ధర్మ పండితులు) మాట ప్రకారం కుదరదు. నిసాబ్, అంటే జకాత్ పడే కనీస హద్దు, దాటిన ఆస్తిలో ఏడాదికి 2.5 శాతం ఇచ్చేది హక్కుదారు చేతికి వెళ్లి అతని సొంతం కావాలి, దాన్నే తమ్లీక్ అంటారు. బోరేమో ఊరందరిదీ. అదే లెట్రిన్ లేని పేద కుటుంబం చేతిలో ఆ డబ్బు పెడితే వాళ్లే కట్టుకుంటారు, ఇబ్బంది లేదు (గుంత మాత్రం బోరుకు దూరంగా తవ్వమని చెప్పండి). బోరుకు సదఖా, అంటే ఇష్టపూర్వకంగా ఇచ్చే దానం, డబ్బు వాడాలి. ప్రవక్త సహచరుడు సాద్ బిన్ ఉబాదా (రజి) చనిపోయిన తన తల్లి కోసం ఏ దానం మంచిదని అడిగితే ప్రవక్త (స) నీళ్లు అన్నారని హదీసులో ఉంది, ఆయన బావి తవ్వించారు కూడా.

కానీ అది మదీనా, ఇది నల్గొండ. ఇక్కడ కింద ఉన్నది గ్రానైట్, ఆ రాయిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. చూస్తే తేటగా ఉంటాయి, వాసన రాదు. కాచితే పోతుందనుకుంటారు, పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పిల్లల పళ్ల మీద గోధుమ రంగు గీతలు పడ్డాకే తెలుస్తుంది, ముదిరితే ఎముకలు వంగుతాయి.

అందుకే బోరు లారీని పిలిచే ముందు పక్క బోర్ల నీళ్లు ప్లాస్టిక్ సీసాలో పట్టి ల్యాబ్‌లో ఇవ్వండి, వేశాక కూడా మోటారు దించకముందే ఇంకోసారి. ఎక్కువ వస్తే ఆ డబ్బు కృష్ణా నీళ్లు వచ్చే నల్లా దగ్గర ఖర్చు పెట్టండి.

మేం అబ్బా పేరు మీద బోరు అనుకున్నాం, రిపోర్టు చూసి ఆపేసి మసీదు నల్లాకు ట్యాంకు పెట్టించాం. రాయి లేదని అమ్మీకి కొంచెం కోపం. ట్యాంకు మీద పెయింటుతో పేరు రాశాం, అదీ ఎండకు వెలిసిపోతోంది, కింద మాత్రం పొద్దున ఆరింటికే బిందెల వరస.