కొర్నేలి గడప దాటిన పేతురు

ప్రభువైన యేసుక్రీస్తు నామమున మీ అందరికీ వందనాలు.

అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయం మనకు కొత్తది కాదు. సండే స్కూల్ నుంచీ వింటున్నాం. రోమా శతాధిపతి కొర్నేలి ఎలా రక్షణ పొందాడో చెప్పే అధ్యాయమని దాన్ని గుర్తుపెట్టుకున్నాం. కానీ ఆ అధ్యాయాన్ని నెమ్మదిగా చదివితే, అందులో కొర్నేలి కంటే పేతురే ఎక్కువ మారాడని నాకు అనిపిస్తుంది. కొర్నేలి అప్పటికే దేవునికి భయపడేవాడు, ధర్మం చేసేవాడు, ఎల్లప్పుడూ ప్రార్థించేవాడు. దూత చెప్పగానే మారు మాట లేకుండా పేతురును పిలవడానికి యొప్పేకు మనుషుల్ని పంపాడు. మూడుసార్లు చెప్పించుకున్నది పేతురు.

ఆ సమయానికి పేతురు ఎవరు? ప్రభువు వెంట తిరిగినవాడు, పెంతెకొస్తు దినాన నిలబడి ప్రసంగించినవాడు. లుద్దలో పక్షవాతంతో మంచం పట్టిన ఐనెయ స్వస్థపడింది, యొప్పేలో చనిపోయిన తబిత లేచింది అతని చేతుల మీదుగానే. ఆ రెండూ పదో అధ్యాయానికి ముందే జరిగాయి. అంతటి మనిషికి కూడా దేవుడు నేర్పవలసిన పాఠం ఒకటి మిగిలి ఉంది. అది ప్రార్థనలో కూర్చుని నేర్చుకుంటే వచ్చేది కాదు. యూదుడైన అతను ఎన్నడూ అడుగుపెట్టని ఒక అన్యుడి ఇంట్లో, అంటే యూదుడు కానివాడి ఇంట్లో ఉంది.

మధ్యాహ్నం మిద్దె మీద ఆకలితో ఉన్నప్పుడు దర్శనం వచ్చింది. అన్ని రకాల జంతువులతో దుప్పటిలాంటిది ఆకాశం నుంచి దిగింది. చంపుకొని తినమన్నాడు ప్రభువు. పేతురు జవాబు చూడండి: "వద్దు ప్రభువా, నిషిద్ధమైనది అపవిత్రమైనది ఏదైనను నేనెన్నడును తినలేదు." ఒకే నోట "వద్దు" అనీ, "ప్రభువా" అనీ వచ్చాయి. ఇది తిరుగుబాటు కాదు. చిన్ననాటి నుంచి భక్తిగా నేర్చుకున్న అలవాటు. మన విశ్వాసం ఎదగకుండా అడ్డుపడేది ఎప్పుడూ పాపమే అయి ఉండాలని లేదు. చాలాసార్లు అది మనం భక్తి అనుకుని పట్టుకున్న అలవాటే.

మరో సంగతి. ఆ దర్శనం అయ్యాక పేతురుకు దాని భావం తెలియలేదు. 17వ వచనంలో అతనికి ఎటూ తోచలేదని ఉంది. అలా ఆలోచిస్తుండగానే కొర్నేలి పంపిన మనుషులు వాకిట్లోకి వచ్చారు. సందేహించకుండా వాళ్లతో వెళ్లమని ఆత్మ చెప్పాడు. పేతురు అర్థమయ్యాక బయలుదేరలేదు, అర్థం కాకుండానే బయలుదేరాడు. ఆరుగురు సహోదరుల్ని వెంటబెట్టుకుని, సముద్రతీరం వెంబడి సుమారు 50 కిలోమీటర్లు వెళ్లి, కైసరయలో రోమా శతాధిపతి ఇంటి గడప దాటాడు. అక్కడ, ఆ ఇంట్లో నిలబడి, అతని నోటి నుంచి ఈ మాట వచ్చింది: "దేవుడు పక్షపాతి కాడని నిజముగా గ్రహించియున్నాను." యొప్పే మిద్దె మీద ఈ మాట రాలేదు. మనమేమో ముందు అన్నీ స్పష్టం కావాలి, శాంతి కలగాలి, ఆ తర్వాత అడుగు వేస్తాం అంటాం. పేతురు విషయంలో దేవుడు ఆ వరుసను తలకిందులు చేశాడు.

కంఫర్ట్ జోన్ అనే మాట ఈమధ్య మన కూటాల్లో తరచూ వినిపిస్తోంది. యవ్వనస్థులకు దాన్ని ఉద్యోగం మానేయడం, దూరదేశం వెళ్లడం అన్నట్టు చెబుతున్నారు. దేవుడు అలా పిలిచినవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ పేతురు వదలవలసి వచ్చింది ఊరు కాదు, పని కాదు. ఎవరితో కూర్చుంటాం, ఎవరి ఇంట తింటాం అన్న గీత. తెలుగు సంఘాల్లో మన హద్దు కూడా అక్కడే ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఒంగోలు సంగతి వినండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. పై కులాలవారు కొందరు ఆసక్తి చూపారు, వాళ్ల పిల్లలు బడికి వస్తున్నారు. ఏ మిషనరీకైనా గౌరవప్రదమైన ఆరంభం అది. అదే కాలంలో తాళ్లకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సోదరుడు ప్రభువును నమ్ముకుని, తనవాళ్ల మధ్య సువార్త చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పల్లెల నుంచి జనం రాసాగారు. అప్పుడు పై కులాలవారు ఒకే మాట చెప్పారు: వీళ్లను చేర్చుకుంటే మేము రాము. క్లౌ ఒక గదిలో, అతని భార్య మరో గదిలో ప్రార్థించుకుంటూ బైబిలు తెరిచారు. ఇద్దరికీ వచ్చింది ఒకే భాగం, మొదటి కొరింథీయులకు 1వ అధ్యాయం: "మీలో లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు." వాళ్లు పేదవారిని చేర్చుకున్నారు, పై కులాల పిల్లలు బడి మానేశారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఆరంభమైంది. పన్నెండేళ్లు తిరగకముందే, 1878 జూలై 3న, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం గొప్పగా చెప్పుకుంటాం. దాని వెనక, గౌరవం పోయినా సరే అని ఒక కుటుంబం తీసుకున్న నిర్ణయాన్ని మాత్రం అంతగా చెప్పుకోం. పేతురు యొప్పేలో బసచేసింది కూడా చర్మకారుడైన సీమోను ఇంట్లోనే, గమనించండి.

ఇప్పుడు డోర్నకల్. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునల్వేలి ప్రాంతంలో, వెల్లాళన్‌విళై అనే ఊళ్లో, ఒక పల్లెటూరి పాదిరిగారి ఇంట పుట్టాడు. తిరునల్వేలిలో అప్పటికే తరాల నాటి క్రైస్తవ సంఘాలు ఉన్నాయి. మద్రాసులో చదువు, ఆ తర్వాత వైఎంసిఏ అనే క్రైస్తవ యువజన సంఘంలో కార్యదర్శి పదవి, దేశమంతా తిరిగే పని, అందరూ మర్యాదగా చూసే జీవితం. 1902లో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ విశ్వాసులు తామే మిషనరీలను బయటికి పంపుతున్నారని చూశాడు. ఇంత పాత సంఘాలున్న మా తిరునల్వేలి ఎవరిని పంపింది అనే ప్రశ్న అతన్ని వదల్లేదు. మరుసటి ఏడాదే ఇండియన్ మిషనరీ సొసైటీ ఆఫ్ తిరునల్వేలి మొదలైంది. ఆ సొసైటీ పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్.

మనం చాలామందిమి సొసైటీ పెట్టి, చందా కట్టి, అక్కడితో ఆగుతాం. అజరయ్య ఆగలేదు. ఇతరులను వెళ్లమని ప్రోత్సహించి నేను ఇంట్లో ఎలా ఉండగలను అనుకున్నాడు. 1909లో పాదిరిగా అభిషేకం పొంది డోర్నకల్‌కు తానే వచ్చాడు. ముప్పై ఐదేళ్ల వయసులో, మంచి వక్తగా పేరున్న మనిషి, కొత్త భాష అక్షరాల దగ్గర నుంచి నేర్చుకోవాలి. పిల్లవాడిలా తప్పులు పలకాలి. వక్త తనను తాను తగ్గించుకోవడం అంతకంటే ఏముంటుంది? ఆ తెలుగుతోనే మాల మాదిగ పల్లెల్లో తిరిగాడు.

మరుసటి ఏడాది ఎడింబరోలో ప్రపంచ మిషనరీ సభ జరిగింది. వేదిక మీద, పాశ్చాత్య మిషనరీలే నిండిన ఆ సభలో, మీరు పేదలకు ఆస్తి ఇచ్చారు, కాల్చబడటానికి శరీరాలనూ ఇచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడు. కొందరికి అది మింగుడుపడలేదు. నాకు ఆ మాటలో కైసరయ వినిపిస్తుంది. సేవ చేయడం సులువు, పైనుంచి కిందికి ఇవ్వడం సులువు. సమానంగా స్నేహితుడిగా కూర్చోవడం దగ్గరే మనిషి తనను తాను వదులుకోవాలి.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెతెడ్రల్‌లో ఆయన బిషప్పుగా ప్రతిష్ఠితుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. అయినా డోర్నకల్‌ను వదల్లేదు, 1945 జనవరి 1న చనిపోయేదాకా ఆ అధ్యక్షఖండానికే, అంటే బిషప్పు కింద ఉండే ఆ సంఘాల ప్రాంతానికే, కాపరిగా ఉన్నాడు. ఆయన ఒక పద్ధతి పెట్టాడు. బాప్తిస్మం పొందినవాళ్లు తల మీద చెయ్యి పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుడను, "సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అని పలకాలి. అక్షరం రాని కూలి మనిషి కూడా మొదటి రోజు నుంచే ఇవ్వవలసినవాడు, పుచ్చుకుంటూ కూర్చునేవాడు కాదు. 1941 నాటికి ఆ అధ్యక్షఖండంలో విశ్వాసులు రెండు లక్షలు దాటారు. అందులో ఎక్కువ పని చేసింది పేరు తెలియని ఈ పల్లె విశ్వాసులే.

మళ్లీ పేతురు దగ్గరకు రావాలి, ఎందుకంటే కథ కైసరయలో అయిపోలేదు. యెరూషలేముకు తిరిగొచ్చాక సహోదరులు అతనితో వాదం పెట్టుకున్నారు. అన్యులకు బాప్తిస్మం ఎందుకిచ్చావని కాదు. వాళ్ల ఇంటికి వెళ్లి వాళ్లతో కలిసి ఎందుకు తిన్నావని! పేతురు ఆరుగురు సాక్షుల్ని చూపించి నిలబడ్డాడు. కానీ గలతీయులకు 2వ అధ్యాయానికి వచ్చేసరికి, అంతియొకయలో, అదే పేతురు అన్యులతో కలిసి తింటూ ఉండి, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరనుంచి కొందరు రాగానే భయపడి లేచి పక్కకు వెళ్లాడు. బర్నబా కూడా అతని వెంటే పోయాడు. పౌలు అందరి ఎదుటా నిలదీయవలసి వచ్చింది. ఇది చదివినప్పుడల్లా నా గుండె బరువెక్కుతుంది. ఒకసారి గడప దాటినంత మాత్రాన పాత హద్దు చెరిగిపోదు. మనవాళ్లు వచ్చి చూస్తే అది మళ్లీ పుడుతుంది.

మన సంగతి చెప్పుకుందాం. ఒకే ఊళ్లో రెండు పేటలకు రెండు గుడులు ఎందుకున్నాయో మనకు తెలుసు. ప్రభు బల్ల దగ్గర ఒకే పాత్రలో పాలుపంచుకున్నవాళ్లం, పెళ్లి సంబంధం అనేసరికి ముందు అడిగేది ఏమిటో తెలుసు. ఉపవాస ప్రార్థనలు పెంచుకున్నాం, కన్వెన్షన్లు పెంచుకున్నాం, మంచి వాక్యం ఫోన్లోనే దొరుకుతోంది. విన్నదానికి తగ్గట్టు ఎదుగుతున్నామా? మనం అడుగుపెట్టని ఇళ్లు అలాగే ఉన్నాయి. దేవుడు మనకు నేర్పాలనుకున్నది ఆ ఇళ్లలో పెట్టి ఉంచాడేమో, పేతురుకు పెట్టి ఉంచినట్టు.

కొర్నేలి ఇంటివాళ్లు పేతురును కొన్ని రోజులు తమతో ఉండమని వేడుకున్నారు. 48వ వచనం. బోధించి, ప్రార్థించి, సాయంత్రానికి తిరిగొచ్చే పరిచర్య కాదు వాళ్లు అడిగింది. కాబట్టి పెద్దలకు నా మనవి ఇది. వచ్చే నెల గృహ కూడికలు మనం ఎప్పుడూ పెట్టని పేటలో పెట్టండి. అక్కడివాళ్లు వండింది తినండి, భోజనం మనం మోసుకువెళ్లవద్దు. తల్లిదండ్రులు పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. యవ్వనస్థులారా, ఆ ఇళ్లలో వాక్యం చెప్పే ముందు వాళ్ల సాక్ష్యం వినండి. ఇక ఇవాళ ప్రార్థన తర్వాత కింద హాల్లో ప్రేమవిందు ఉంది. రోజూ కూర్చునే వరుస వదిలి, మీరు ఇంతవరకు పేరైనా అడగని విశ్వాసి పక్కన విస్తరి వేసుకోండి.